కోరంగి పడవలో మంచినీళ్ళు

సహం,
ఒమాన్, 18 నవంబర్ 1988

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు రాబిన్‌కు,

పెద్దక్క వందనాలు.

రేపు మా ఆసుపత్రి వ్యాను సూర్ వైపు వస్తోంది. డ్రైవర్ చేత రెండు గోనెల నిమ్మకాయలు, నాలుగు క్యాన్ల నిమ్మరసం పంపుతున్నాను. ఇక్కడి తోటలవే. రసం నేనూ, నాతో డ్యూటీ చేసే రాజేశ్వరీ కలిసి పిండాం. మా వేళ్ళు ఇంకా మండుతున్నాయి.

ఒక్కడివే తెరచాప పడవ మీద భూమి చుట్టూ తిరిగి వస్తానంటున్నావు. దారి చూపడానికి సూర్యుడి ఎత్తు కొలిచే ఒక సెక్స్టంటు, ఒక గడియారం, టైము చెప్పే రేడియో. నాకు ఇష్టం లేదని నీకు తెలుసు. మళ్ళీ చెప్పను. పడవల షెడ్డులో ఇన్నేళ్ళు పనిచేసి నీ చేతులతో కట్టుకున్న పడవ. నలభై ఆరేళ్ళవాడివి. నిన్ను ఆపడం నా వల్ల కాదు.

ఒక్క మాట విను. పచ్చి కూర, పండు లేకుండా నెలల తరబడి ఉంటే చిగుళ్ళు ఉబ్బి నెత్తురు కారుతుంది. పళ్ళు కదులుతాయి. పూర్వం ఓడల్లో జనం అలాగే పోయారు. క్యాన్లలో రసం విడిగా ఉంచితే నువ్వు బద్ధకించి తాగవు. నాకు తెలుసు. అందుకని తాగేనీళ్ళ ట్యాంకులోనే కలిపెయ్యి. నాలుక్కి పులుపు తెలియాలి.

ప్రతి శుక్రవారం ప్రార్థన మీటింగ్‌లో నీ పేరు చెబుతాం.

నీ క్షేమం కోరే పెద్దక్క,
కృపాబాయి


సూర్,
6 డిసెంబర్ 1988

ప్రియమైన పెద్దక్కకు,

రాబిన్ వందనాలు. నిమ్మకాయలు అందాయి. షెడ్డంతా వాసన. నాతో షెడ్డులో పనిచేసే కడప ఖాదర్‌వలి వచ్చి, "ఏం రాబినూ, సముద్రం మీద సోడా అంగడి పెడతాండావా?" అన్నాడు. నాలుగు కాయలు జేబులో వేసుకుని పోతూ, "భూమి గుండ్రంగా ఉందంటే మేమంతా నమ్మితిమి గదా, నువ్వొకడివే పోయి చూసి రావల్లనా?" అని మళ్ళీ ఒకటి అంటించాడు. చివరికి తెరచాప కట్టే తాడు మాత్రం తనే పేని ఇచ్చాడు.

పడవకు మన ఊరి పక్క రేవు పేరే పెట్టాను. కోరంగి. తెల్లటి అక్షరాలు. తెలుగులోనే రాశాను. ఏ దేశపు రేవువాడు చదవలేకపోతే వాడి ఖర్మ.

నీళ్ళ ట్యాంకు సంగతి రాశావు కదా. పాత ఓడ నుంచి విప్పిన ఇనప ట్యాంకు. అతుకుల దగ్గర కారేది. నాన్న తాళ్ళరేవులో నావల అతుకులు ఎలా పూడ్చేవాడో అలాగే చేశాను. ఎర్ర సీసపు పొడి నూనెలో మెత్తగా నూరి, ఆ లప్పం లోపలంతా చేత్తో మెత్తాను. ఇప్పుడు చుక్క కారదు. లోపలికి దీపం పెట్టి చూస్తే దానిమ్మ పండు పగలగొట్టినట్టుంది. నీ రసం మొత్తం అందులోనే పోశాను. కాబట్టి పడుకో హాయిగా.

ఈశాన్యపు గాలి కుదురుగా ఉంది. ఎల్లుండి తెల్లారి బయల్దేరతాను. మొదటి రేవు సీషెల్స్‌లో విక్టోరియా. తర్వాత మారిషస్‌లో పోర్ట్ లూయీ. అక్కడ రేవు దగ్గర గంగాధరం అని మన తెలుగాయన కొట్టు ఉంది. ముత్తాతల కాలంలో చెరకు తోటలకి వెళ్ళినవాళ్ళు. ఆ అడ్రసుకి రాయి.

నీ మాట వినని తమ్ముడు,
రాబిన్


విక్టోరియా, సీషెల్స్,
27 జనవరి 1989

ప్రియమైన పెద్దక్కకు,

వచ్చాను. సరిగ్గా ఎక్కడికి రావాలో అక్కడికే వచ్చాను. మధ్యాహ్నం పూట సూర్యుణ్ణి సెక్స్టంటు అద్దంలో పట్టి, కిందికి దించి, నీళ్ళ గీత మీద కూర్చోబెట్టాలి. పడవ ఊగుతుంటే ఆయన పిల్లాడిలా జారిపోతుంటాడు. ఆ క్షణంలో గడియారం చూసి లెక్క వేసుకుంటే నేనెక్కడున్నానో తెలుస్తుంది. రాత్రిళ్ళు చుక్కాని కట్టేసి కోడికునుకు తీస్తాను. ఒంటరితనం అంటావేమో. అదేం లేదు. నాతో నేను తెగ మాట్లాడుకుంటున్నాను, నేనే నవ్వుకుంటున్నాను.

ఒక వింత చెబుతాను. సూర్ వదిలిన కొత్తలో ట్యాంకు నీళ్ళు నూనె వాసన, పులుపు. గుటక దిగేది కాదు. పోను పోను ఆ పులుపు పోయింది. ఇప్పుడు తియ్యగా ఉన్నాయి అక్కా. నిజం తీపి. నోట్లో చాలాసేపు నిలుస్తుంది. సండే స్కూల్లో, మారా అనే చోట దేవుడు చేదు నీళ్ళను తియ్యగా మార్చిన బైబిలు కథ నువ్వే కదా మాకు చెప్పింది. నాకదే గుర్తొచ్చింది. ఇక్కడ రేవు నీళ్ళు తాగి చూశాను, చప్పగా ఉన్నాయి. తగ్గినంతవరకు నింపుకుని, మిగతావి అవే ఉంచుకున్నాను.

ఒంట్లో పెద్దగా ఏం లేదు. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి పోతోంది. విరేచనం కావడం లేదు. నువ్వు చెప్పావని అద్దంలో చిగుళ్ళు చూసుకున్నాను. పళ్ళ మొదట్లో సన్నటి నల్లగీత, కాటుక దిద్దినట్టు. నెత్తురు లేదు. ఏం చెయ్యాలో గంగాధరం గారి అడ్రసుకి రాయి.

నీ
రాబిన్


సహం,
17 ఫిబ్రవరి 1989

ప్రభువునందు ప్రియమైన రాబిన్‌కు,

పెద్దక్క వందనాలు.

నీ ఉత్తరం మీటింగ్‌లో చదివాను. నీళ్ళు తియ్యగా మారిన సంగతి విని అందరూ మోకాళ్ళూనారు. సెలిన్ సిస్టర్ ఏడ్చింది. సముద్రం మధ్య నిన్ను ఆయన మరిచిపోలేదు. నా భయం చాలావరకు తీరింది. నువ్వు బయల్దేరిన రోజు నుంచి ఉంచిన ఉపవాసం మొన్న విడిచాను.

చిగుళ్ళ గీత మాత్రం నాకు నచ్చలేదు. నేను చెప్పిన జబ్బుకి అది మొదలు కావచ్చు. నిమ్మరసం చాలడం లేదన్నమాట. పోర్ట్ లూయీ చేరాక కాదు, ఇప్పుడే. నిమ్మకాయలు మిగిలుంటే అన్నీ పిండి ట్యాంకులో కలుపు. ఈ ఉత్తరం అందేసరికి నువ్వు అక్కడికి చేరి ఉంటావని నాకు తెలుసు. అందుకని విక్టోరియా రేవు ఆఫీసుకి కూడా ఇదే సంగతి టెలిగ్రాం ఇచ్చాను. రసం రెట్టింపు చెయ్యి.

కడుపునొప్పికి ఆముదం తీసుకో. నీళ్ళు ఎక్కువగా తాగు.

ఆయన కాపుదలలో నిన్ను విడిచి,
పెద్దక్క కృపాబాయి


పోర్ట్ లూయీ, మారిషస్,
21 ఏప్రిల్ 1989

ప్రియమైన పెద్దక్కకు,

ఆలస్యమైంది. దీవి ఉండాల్సిన చోట లేదు.

నీ టెలిగ్రాం విక్టోరియాలో తాళ్ళు విప్పుతుండగా ఇచ్చారు. కాయలన్నీ పిండేశాను. నీళ్ళు ఎక్కువగా తాగాను. చెప్పినట్టే చేశాను. కానీ దారి తప్పాను. లెక్కలో కూడాల్సిన చోట తీసివేశాను. తప్పు కనిపించాక మళ్ళీ అదే చోట అదే తప్పు చేశాను. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న లెక్క. చివరికి సాయంత్రం పూట పక్షులు ఎటు పోతున్నాయో చూసి, వాటి వెంట వచ్చాను.

కుడి మణికట్టు కిందికి వేలాడిపోతోంది. గుప్పిట బిగుస్తుంది, చెయ్యి మాత్రం పైకి లేవదు. సెక్స్టంటును మోచేతికి తాడేసి కట్టుకుని సూర్యుణ్ణి చూశాను. తాళ్ళు లాగి లాగి నరం పట్టేసి ఉంటుంది.

ఇంకొకటి. నువ్వు భయపడకూడదు. నాన్న వచ్చాడు. పోయిన మన నాన్నే. నేను కునుకు తీసినప్పుడల్లా చుక్కాని దగ్గర కూర్చుంటున్నాడు. తాళ్ళరేవులో పని నుంచి తిన్నగా లేచి వచ్చినట్టు చేతులకి ఆ లప్పం ఎర్రదనం. మాట్లాడడు. పడవ మాత్రం తప్పు దారి పట్టనివ్వడు. మరి దారెందుకు తప్పిందని అడగకు, నాకూ తెలియదు.

గంగాధరం గారు మంచివాడిలాగే ఉన్నాడు. "తమ మొహం సున్నం కొట్టిన గోడలా ఉందండీ, కొన్నాళ్ళు మా ఇంట పడుకోండి" అని తీసుకెళ్ళాడు. వాళ్ళింట్లో ఉన్నన్నాళ్ళు నొప్పి తగ్గింది. కాని ఆయన నా పడవ చుట్టూ ఎందుకు తిరుగుతున్నాడు? ట్యాంకు మూత ఎత్తి చూశాడు. ఆయనకి ఆ నీళ్ళ సంగతి ఎవరు చెప్పారు? నేను పడవ మీదికి వచ్చేశాను.

జూలైలో గాలి చూసుకుని బయల్దేరతాను. మన పాస్‌పోర్టు దక్షిణాఫ్రికాలో చెల్లదు కాబట్టి అక్కడ ఆగేది లేదు. ఆ దేశపు దక్షిణ కొమ్ము చుట్టి తిన్నగా అట్లాంటిక్ సముద్రంలో సెయింట్ హెలీనా దీవికే. మధ్యలో రేవు లేదు, మనిషి లేడు. ట్యాంకులో నీళ్ళే ఆధారం.

నీ
రాబిన్


సహం,
6 మే 1989

ప్రియమైన తమ్ముడికి,

ఇది టెలిగ్రాంలో పట్టే సంగతి కాదు. నిలబడి చదవకు. కూర్చుని చదువు.

మొన్న మా వార్డుకి పోచన్న అనే అతన్ని తెచ్చారు. కరీంనగర్ వైపు మనిషి. మస్కట్ దగ్గర రుసైల్‌లో పాత బ్యాటరీలు కరిగించే చోట పని. అక్కడ పట్టించుకునేవాళ్ళు లేక, సహంలో తాపీపని చేసే అన్న రూమ్‌కి వచ్చి పడ్డాడు. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. మందు గ్లాసు ఇస్తే చెయ్యి లేవలేదు. నేనే తాగించాను. "ఏం జేస్తవ్ సిస్టర్, నోట్లె ఏం వెట్టుకున్నా తియ్యగనే కొడ్తది. నీళ్ళు సుత తియ్యగనే" అన్నాడు.

గ్లాసు పక్కన పెట్టేశాను. అతని పెదవి ఎత్తి చూశాను. కాటుక గీత.

మా మలయాళీ డాక్టరు చూసి, సీసం విషం అన్నారు. నీ సంగతంతా ఆయనకు చెప్పాను. ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి, నిమ్మరసం ఎవరు పొయ్యమన్నారని అడిగారు. నేనే అన్నాను. పులుపు తగిలితే ఆ లప్పంలోని సీసం కరిగి నీళ్ళలోకి దిగుతుందట. ఎంత పులుపైతే అంత.

తీపి దాని రుచే, రాబిన్. నేను మోకాళ్ళూని స్తుతించింది దాన్నే. రెట్టింపు చెయ్యమని రాసింది దాన్నే. నిన్న మీటింగ్‌లో లేచి ఈ మాట అందరికీ చెప్పాను.

నాన్న చుక్కాని పట్టుకున్నాడని రాశావు. చివరి రోజుల్లో నాన్న చెంబు కూడా పట్టుకోలేకపోయాడు. వయసు అనుకున్నాం. అప్పటికి ఆయనకి యాభై రెండు. ఇప్పుడు నా వయసూ అదే.

గంగాధరం గారి ఇంట్లో నొప్పి ఎందుకు తగ్గింది? ఆయనింటి కుళాయి నీళ్ళు తాగావు కాబట్టి. ట్యాంకు పారబొయ్యి. ఆసుపత్రికి వెళ్ళి నెత్తురు చూపించుకో. ఆ నీళ్ళతో కొమ్ము దాటే దారి పట్టావంటే సెయింట్ హెలీనా చేరవు.

పెద్దక్క


పోర్ట్ లూయీ,
26 మే 1989

పెద్దక్కకు,

నీ ఉత్తరం చదివాను. కూర్చునే చదివాను.

ఫిబ్రవరిలో రాసింది మా అక్క. మేలో రాసింది నర్సు. ఎవరి మాట వినాలి? సంఘమంతా మోకాళ్ళూని స్తుతించిన నీళ్ళు ఎవడో పరాయి డాక్టరు ఒక మాట అనగానే విషం అయిపోయాయా? సంఘం స్తుతి ఊరికే పోతుందా? చిన్నప్పుడు నాకు నేర్పింది నువ్వే కదా, ఒకసారి నమ్మాక వెనక్కి చూడకూడదని.

ఆసుపత్రికి వెళ్ళను. వెళితే కాగితం మీద ఏదో రాస్తారు, రేవు వాళ్ళు పడవకి తాళం వేస్తారు. అదే వాళ్ళకి కావలసింది. గంగాధరం నిన్న కూడా వచ్చి, "మీ అక్కగారు నాకూ రాశారు బాబూ, ఆ ట్యాంకు కడిగించేద్దాం" అన్నాడు. నువ్వు ఆయనకు రాయడం ఏమిటి? నా వెనక మీరిద్దరూ ఎన్నాళ్ళ నుంచి రాసుకుంటున్నారు?

నేను ఎప్పుడు నిద్రపోతానా అని చూస్తున్నారు. నాన్నని కాపలా పెట్టి పడుకుంటున్నాను.

ఇక రాయకు. వచ్చినా విప్పను.

రాబిన్


సహం,
16 జూన్ 1989

నా తమ్ముడికి,

ప్రార్థన నాదే. తప్పూ నాదే. దేవుడి మీదికి తోయను.

నీతో వాదించడానికి నాకు మాటలు లేవు. సూర్‌లో ఖాదర్‌వలికి కబురు చేశాను. నువ్వు ట్యాంకుకి పూయగా మిగిలిన లప్పం షెడ్డులో ఉందట, పంపించాడు. ఒక జాడీ లోపల నీలాగే మెత్తాను. ఆరాక నీళ్ళు పోసి, నిమ్మకాయలు పిండి, మూతపెట్టి ఉంచాను. ఈ సాయంత్రం ప్రార్థన అయ్యాక ఒక గ్లాసు తాగాను. రేపూ తాగుతాను. నువ్వు ట్యాంకు పారబోశానని టెలిగ్రాం ఇచ్చేదాకా రోజూ తాగుతాను.

అవి దీవెన నీళ్ళైతే నాకూ ఏమీ కాదు. నువ్వు నమ్మింది నిజమవుతుంది.

ఇది పాపమా అని ప్రార్థనలో అడిగాను. జవాబు రాలేదు. నీ గురించి అడిగినప్పుడూ రాలేదు.

నేను అబద్ధం చెప్పనని నీకు తెలుసు.

పెద్దక్క కృపాబాయి


పోర్ట్ లూయీ,
19 జూలై 1989

పెద్దక్కా,

టెలిగ్రాం అందిందా? అందిందని ఒక్క మాట రాయి. మిగతాది తర్వాత చదువు.

నీ ఉత్తరం ఎప్పుడో వచ్చింది. అన్నమాట ప్రకారం విప్పలేదు. దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. ఇన్ని రోజులు దాని మీద తల పెట్టుకుని నిద్రపోయాను అక్కా. మొన్న శనివారం బయల్దేరదామని లంగరు ఎత్తబోతే చేతులు రెండూ లేవలేదు. పళ్ళతో తాడు పట్టుకుని లాగాను. రేవు మీద గంగాధరం గారు నిలబడి ఉన్నారు. "అక్కగారి ఉత్తరమైనా చదువుకుని వెళ్ళు బాబూ, సముద్రం మీద తపాలా ఉండదు" అన్నారు అంతే. ఆయన్ని వదిలించుకోవడానికి విప్పాను.

చదివాక ఏం చేశానో నాకు సరిగా తెలియదు. ట్యాంకు అడుగు బిరడా పీకేశాననీ, నీళ్ళన్నీ పోయేదాకా అక్కడే కూర్చుని ఏడ్చాననీ ఆయన చెప్పారు. ఆయనే టెలిగ్రాం ఆఫీసుకి పరిగెత్తారు. ఆయనే ఆసుపత్రిలో చేర్చారు. ఆ మనిషిని నేనెన్ని మాటలన్నానో.

నెత్తురు చూశారు. మీ డాక్టరు చెప్పిందే. మందు ఎక్కిస్తున్నారు. చేతులు కొన్ని నెలలకి తిరిగి వస్తాయట. నేను చెబుతుంటే ఈ ఉత్తరం గంగాధరం గారే రాస్తున్నారు. నాన్న కనిపించడం మానేశాడు.

ఒక్కటి అడుగుతాను. నువ్వు నిజంగా తాగావా? నన్ను భయపెట్టడానికే రాశావు కదా. అవునని రాయి. తిట్టను. జీవితంలో ఒక్కసారికి అబద్ధం చెప్పావని సంతోషిస్తాను.

నీ
రాబిన్


సహం,
24 ఆగస్టు 1989

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు రాబిన్‌కు,

పెద్దక్క వందనాలు.

టెలిగ్రాం జూలై పదహారున వచ్చింది. ఆ సాయంత్రమే జాడీ బద్దలుకొట్టి, ఎవరూ తొక్కని చోట గొయ్యి తీసి పూడ్చాను.

నువ్వు బతికావు. నాకు ఇంకేమీ అక్కర్లేదు. గంగాధరం గారికి నా వందనాలు చెప్పు. ఆయన చేతిరాత మన నాన్న కాలపు పంతుళ్ళ రాతలా ఉంది.

పోచన్నకి నయమైంది. అన్న తన సైట్‌లోనే పని ఇప్పించాడు. పోయేముందు వార్డుకి వచ్చి, "సిస్టర్, ఇగ ఏదీ తియ్యగ కొడ్తలేదు, చాయ్ సుత షెక్కర ఏసుకోని తాగుతున్న" అని నవ్వించాడు.

నాకు ఇంజెక్షన్ల డ్యూటీ తీసేశారు. రాజేశ్వరి చూసుకుంటోంది. నేను ఓపీ దగ్గర కూర్చుని పేషెంట్లను లోపలికి పంపుతున్నాను. మస్కట్ నుంచి మందు వచ్చింది. మా డాక్టరు నాతో మాట్లాడడం మానేశారు. మందు మాత్రం తనే దగ్గరుండి ఇస్తున్నారు. శుక్రవారాలు మీటింగ్‌కి వెళుతున్నాను. ప్రార్థన చెయ్యమంటే లేవడం లేదు. వాళ్ళు చేస్తుంటే కళ్ళు మూసుకుని వింటున్నాను.

చేతులు వచ్చాక వెళ్ళాలనుకుంటే వెళ్ళు. స్టీలు ట్యాంకు వేయించుకో. నేను ఆపను.

నువ్వు అడిగినదానికి అవునని రాయలేను. జవాబు ఆలస్యమైందని కోపగించుకోకు. ఎడమచేత్తో రాయడం ఇంకా అలవాటు కాలేదు.

నీ పెద్దక్క,
కృపాబాయి